బీరు రుచి యేల చెడెను?



నేటి ప్రసంగవిషయమును విని మీలో కొందరు నవ్వియుందురు. ముప్పదియైదేండ్లు బాలురచే శబ్దమంజరియు అమరమును వల్లె వేయించి, పింఛను పుచ్చుకొని, తులసికోటకు నీరు పోసికొనుచు కూర్చున్న ముసలివానికి బీరుతో నేమి పని? నిజమే. నేను దానిని నాలుకపై నుంచినవాడను కాను. ఈ వయస్సున నుంచబోవువాడనును కాను. కాని గత సంవత్సరము, అమెరికాదేశమున నుద్యోగము చేయుచున్న మా మేనల్లుని కుమారుడు సెలవులకు వచ్చి, అరుగుమీద నా ప్రక్క కూర్చుండి, "తాతగారూ, తమకు కోపము రాదు గదా?" యని పీఠిక వేసి, తాను అచ్చట నింటిలోనే బీరు కాచుకొందుననియు, మొన్న కాచినది వెన్న వాసన వేయుటచే పీపాయెడును పాఱబోసితిననియు చెప్పెను. "నీరు చెడ్డదో, గింజలు చెడ్డవో, నా చేతిలోనే యేమైన నున్నదో తెలియలేదు" అని యాతడనగా నాకు మా తల్లి జ్ఞప్తికి వచ్చెను.

నా చిన్ననాట మా యింటి పెరుగు అప్పుడప్పుడు తీగలు సాగెడిది. గరిటతో నెత్తిన జిగురువలె వ్రేలాడెడిది. మా నాయనమ్మ తప్పంతయు కోడలి చేతిమీద పెట్టెడిది. మా తల్లి బదులు చెప్పక, ఉన్న పెరుగంతయు కుడితిగోలెమున పోసి, కుండను మరుగునీట కడిగి, ఎండలో బోర్లించి, పొరుగింటినుండి చెంచాడు తోడు తెచ్చి వేసెడిది. మఱునాడు పెరుగు గడ్డగా నుండెడిది. చేయి యదియే, పాలవియే. మాఱినది తోడు మాత్రమే. ఈ సంగతిని నాయనమ్మ యెన్నడును ఒప్పుకొనలేదు. ఆమె నేల తప్పుపట్టవలెను? బీరు కాచు ఐరోపావారు, గొప్ప రసాయనశాస్త్రజ్ఞులతో గూడ, ఇట్టి సంగతినే పూర్తిగా నెఱుగుటకు 1883 వఱకు పట్టినదని పుస్తకములు తిరుగవేసిన పిమ్మట నాకు తెలిసినది. ఆ కథయే నేటి ప్రసంగము.

ముందుగా బీరన నేమో రెండు మాటలు. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, నలుగగొట్టి వేడినీట నుంచినచో, వానిలోని పిండి చక్కెరగా మాఱి తియ్యని నీరు దిగును. దానిని హాప్సు అను తీగె పూవులతో మరిగింతురు. చేదును, సువాసనయు వానివలన వచ్చును. చల్లార్చిన పిదప ఈస్టును కలుపుదురు. ఈస్టు చక్కెరను తిని, మద్యసారమును బొగ్గుపులుసుగాలిని విడుచును. పులియబెట్టు విద్య మనవారికిని క్రొత్తది కాదు. అమరసింహుడు దానికి వలయు ద్రవ్యమునకు కిణ్వము, నగ్నహువు అను పేరులు చెప్పినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ యధికరణమున సురాధ్యక్షుని గూర్చిన ప్రకరణమొకటి కలదు. మినుములు, బియ్యము మొదలగువానితో కిణ్వమును చేయు విధము అందు కొలతలతో సహా నున్నది. చెడిపోయిన సురను ఏమి చేయవలెనో కూడ నాతడు మఱవక వ్రాసెను: దాసులకును పనివాండ్రకును కూలిక్రింద నీయవచ్చును, బండిపశువులకు త్రాగింపవచ్చును, పందులకు పోయవచ్చును! సుర యేల చెడునో మాత్రము ఆ ప్రకరణమున చెప్పలేదు. ఆ ప్రశ్న నాతడు వేసికొనినట్లును కనబడదు.

ఐరోపాలో నీ బీరు చాలకాలము ఇంటిపనిగా, అందును ఆడువారి పనిగా నుండెను. నార్వేదేశపు పల్లెలలో చెక్కతో చెక్కిన వలయములను పులియుచున్న బీరులో ముంచి, ఈస్టు పట్టిన పిమ్మట ఆరబెట్టి, మఱుసటి మాఱునకు దాచుకొనెడివారు. మన యిండ్లలో తోడు దాచుకొనుటవంటిదే యిది. ఈస్టును వేయునపుడు బిగ్గఱగా కేక వేయు నాచారమును అచ్చట నుండెను. ఆ కేకకు దుష్టభూతములు పాఱిపోవునని వారి నమ్మకము. భూతమున్నదని వారు గ్రహించిరి, అది కంటికి కనబడదనియు గ్రహించిరి. కేకకు వెఱవదని మాత్రము గ్రహింపలేదు.

బవేరియా ప్రభువులు చట్టము చేసి చూచిరి. 1516 లో చేసిన శాసనమున బీరునకు యవలు, హాప్సు, నీరు ఈ మూడు తప్ప మఱేమియు కూడదనిరి. ఈస్టు మాటయే అందు లేదు. దానిని వారొక పదార్థముగా నెంచలేదు కాబోలు. 1553 లో మఱియొక యుత్తరువు వచ్చెను. ఏప్రిలు 23వ తేదీనుండి సెప్టెంబరు 29వ తేదీవఱకు ఎవ్వరును బీరు కాయరాదు. వేసవిలో కాచినది చెడుచుండెను గనుక ఈ కట్టడి. కారణము తెలియకయే కుదిరిన మందిది. శీతకాలపు చలిలో బీరును పులిపించు చెడు సూక్ష్మజీవులు మందగించును; చలికి తాళుకొని మెల్లగా పనిచేసి అడుగున దిగు ఒకజాతి ఈస్టు మాత్రము వర్ధిల్లును. దానివలన వచ్చినదే లాగరు అను బీరు.

ఈస్టులోని గుండ్రని కణములను హాలెండు దేశీయుడగు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో 1680 లోనే చూచెను. అవి ప్రాణముగలవని మాత్రము గుర్తింపలేదు. అవి జీవములని 1837 ప్రాంతమున ఫ్రాన్సులో కాన్యార్ లతూరును, జర్మనీలో ష్వానును, క్యుట్‌సింగును వేర్వేఱుగా చెప్పిరి. రసాయనశాస్త్రమున నానాడు చక్రవర్తులగు లీబిగు, వోలరు దీనిని సహింపలేకపోయిరి. 1839 లో వారి పత్రికలో పేరులేని పరిహాసవ్యాసమొకటి ప్రకటించిరి. అందు ఈస్టు అనునది సారా బట్టీ ఆకారముగల యొక చిన్న జంతువనియు, నోటితో చక్కెరను తిని, వెనుకనుండి మద్యసారమును విడుచుననియు వర్ణించిరి. విద్వాంసులు వెటకారమునకు దిగినపుడు సత్యము కొంతకాలము బయట నిలువవలసి వచ్చును. ఆ వెటకారములో జంతువు ఆకారమును తీసివేసినచో తక్కినది నిజమే!

అటుపిమ్మట లూయీ పాశ్చరు వచ్చెను. 1856 లో నాతడు లీల్ నగరమున ఆచార్యుడుగా నుండగా, బీటుదుంపల రసమునుండి మద్యసారము తీయు బిగో యనునాతడు తన తొట్లలో కొన్ని పులిసిపోవుచున్నవని మొఱపెట్టుకొనెను. పాశ్చరు తొట్టితొట్టినుండి చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచెను. మంచి తొట్టిలో గుండ్రని కణములు. చెడిన తొట్టిలో వానితో కలిసి సన్నని పుల్లలవంటి జీవములు. పాలు పులియుటయు ఇట్టి సూక్ష్మజీవి పనియేయని మఱుసటి సంవత్సరమున ప్రకటించెను. 1870 లో ఫ్రాన్సు జర్మనీచేత నోడిపోయిన పిమ్మట, జర్మనీవారి బీరును మించిన బీరు తన దేశమున కాయించి పగ తీర్చుకొందునని పాశ్చరు పట్టు పట్టెను. ఇందొక వినోదమున్నది. ఆయనకు బీరు రుచింపదట! రకమునకు రకమునకు భేదము నాలుకతో కనిపెట్టలేకుండెనని ఆయన శిష్యుడు ద్యుక్లో వ్రాసెను. ఈ సంగతి చదివినపుడు, బీరు గుఱించి మాటలాడుటకు నాకును కొంత ధైర్యము కలిగినది.

1871 సెప్టెంబరులో పాశ్చరు లండనుకు పోయి విట్‌బ్రెడ్ అను పేరుగల బీరు కర్మాగారమును చూచెను. అచ్చటివారి ఈస్టును సూక్ష్మదర్శినిలో నుంచి, అందు సన్నని దారములవంటి జీవములుండుట చూపి, ఈ యీస్టుతో కాచిన బీరునుగూర్చి కొనువారు మొఱపెట్టుచుందురే యని యడిగెను. పెద్దలు ఒకరి మొగమొకరు చూచుకొని, కొంత సంకోచించి, నిజమేయని యొప్పుకొనిరి. రుచి చూడక, వాసన చూడక, కన్నుతో చూచి చెడ్డబీరును పట్టినాడు! వారము తిరుగక మునుపే మరల నాతడు వచ్చి చూచుసరికి, వారొక సూక్ష్మదర్శినిని కొని, ఈస్టును మార్చుకొనియుండిరి. 1876 లో పాశ్చరు బీరునుగూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. ప్రతి రుచిదోషమునకును బయటనుండి చొచ్చిన సూక్ష్మజీవియే కారణమనియు, అట్టివానిని తొలగించి ఈస్టును శుద్ధిచేసినచో బీరు బాగుగనుండుననియు ఆయన సిద్ధాంతము.

ఇది సత్యమే కాని పూర్తి సత్యము కాదు. తక్కిన సత్యము డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగన్‌లో బయటపడెను.

అచ్చట యాకబ్‌సెన్ అను నొక బీరు వ్యాపారి యుండెను. మ్యూనిక్ నగరమున సెడిల్‌మాయర్ అను ప్రసిద్ధుడొకడు అడుగున దిగు ఈస్టుతో లాగరు కాచుచుండగా, 1845 లో నీతడు అచ్చటికి పోయి రెండు డబ్బాల ఈస్టు సంపాదించుకొనెను. రైళ్లు లేని దూరము. బండి ఆగిన ప్రతి మజిలీయందును దిగి, ఈస్టు చావకుండ డబ్బాలపై చన్నీళ్లు పోయుచు ఇల్లు చేరెను. కన్నబిడ్డకైన నంత ఉపచారము కొందరు చేయరు. 1847 లో పెట్టిన తన కర్మాగారమునకు కొడుకు కార్ల్ పేరును, అది యున్న గుట్టను కలిపి కార్ల్స్‌బెర్గ్ అని పేరిడెను. 1875 లో దానిని చేర్చి ఒక ప్రయోగశాలను నెలకొల్పెను. అచ్చట కనుగొనిన దేదియు, శాస్త్రమునకు గాని వృత్తికి గాని పనికివచ్చునదైనచో, రహస్యముగా దాచరాదని నిబంధన. తన సొమ్ముతో కనిపెట్టించినదానిని పోటీదారులకును తెలియజేయుటకు ఒప్పుకొనిన వ్యాపారి యెక్కడ కనబడును?

ఆ ప్రయోగశాలలో 1879 నుండి ఒక శాఖకు అధిపతిగా నుండినవాడు ఎమీల్ క్రిస్టియన్ హాన్సెన్. రీబే యను చిన్న పట్టణమున 1842 లో బీదకుటుంబమున పుట్టి, మొదట ఇండ్లకు రంగులు వేయు పని నేర్చి, పిదప ధనవంతుల యింట పిల్లలకు చదువు చెప్పుచు, తాను చదువుకొనినవాడు. ఉపాధ్యాయవృత్తినుండి పైకి వచ్చినవాడగుటచే నాకాతనిపై పక్షపాతము కలదని ముందే యొప్పుకొనుచున్నాను. పేడపై మొలచు బూజులనుగూర్చి వ్రాసిన వ్యాసమునకు విశ్వవిద్యాలయము వారిచే బంగారుపతకము పొందెను. విషయము హీనమని యెంచక చూచుట అప్పటినుండియే యాతని కలవాటు.

1883 లో కార్ల్స్‌బెర్గ్ బీరు చెడెను. ఒకవిధమైన వెగటు చేదు, చెడు వాసన. యాకబ్‌సెన్ పాశ్చరునందు భక్తిగలవాడు. సూక్ష్మజీవులు చొచ్చెనేమో యని వెదకించెను. హాన్సెన్ సూక్ష్మదర్శినిలో చూచెను. పాశ్చరు చెప్పిన పుల్లలును దారములును కారణముగా కనబడలేదు. ఉన్నది యీస్టే. అయినను బీరు చెడుచున్నది.

హాన్సెన్‌కు తోచిన యూహ యిది: మనము ఈస్టు అని యొక్కపేరుతో పిలుచునది ఒక్కజాతి కాకపోవచ్చును, మంచివానిలో దొంగలు కలిసియుండవచ్చును, కంటికందఱును ఒక్కరూపమే. విడదీయు టెట్లు? ఈస్టును శుద్ధమైన నీటిలో కలిపి, ఒక చుక్కలో నెన్ని కణములున్నవో గళ్లు గీసిన గాజుపలకపై లెక్కించి, రెండు చుక్కలకు ఒక్క కణము చొప్పున నుండునంతగా పలుచన చేసెను. ఆ చుక్కలను ఒక్కొక్కటిగా తియ్యనినీరుగల గాజుకుప్పెలలో వేసి కదలింపక యుంచెను. కొన్ని కుప్పెలలో నేమియు పెరుగలేదు. కొన్నిటిలో రెండు మూడు మచ్చలు లేచినవి, వానిని త్రోసివేసెను. ఒక్క మచ్చ మాత్రము లేచిన కుప్పెలోని ఈస్టంతయు ఒక్క కణము సంతానము! పిదప జర్మనీలో కోఖుగారు సూక్ష్మజీవులకు వాడిన జెలటిన్ పద్ధతిని గైకొని, గాజుపలకమీద నొక కణమును గుర్తు పెట్టి, దాని సంతతి పెరుగుటను కన్నార్పక చూచెను. ఇట్లు కార్ల్స్‌బెర్గ్ ఈస్టులో నాలుగు తెగలను వేఱుచేసి, ఒక్కొక్కదానితో వేఱువేఱుగా బీరు కాచెను. ఒక్కటి మంచిబీరునిచ్చెను. చేదునకును వాసనకును కారణమగు అడవి యీస్టు దొంగవలె పట్టుబడెను.

ఆ దొంగకు శాస్త్రజ్ఞులు పెట్టియుండిన పేరేమో తెలియునా? పాశ్చరు గౌరవార్థము 1870 లో జర్మనుడగు రేసు పెట్టిన "పాస్టోరియానస్" అను పేరు! దైవఘటన యనవలెను. ఇంకను విచిత్రమేమన, నేటి శాస్త్రజ్ఞులు మంచి లాగరు ఈస్టునకే ఆ పేరును వాడుచున్నారు. హాన్సెన్ 1908 లో దానికి పెట్టిన కార్ల్స్‌బెర్గ్ పేరు వెనుకబడినది. దొంగ పేరు దొరకు వచ్చినది.

ఈ యడవి యీస్టు వచ్చునదెక్కడనుండి? తోటలలో పండిన పండ్లమీదను, నేలలోను ఈస్టులు కాపురముండుననియు, పండ్లు పండు ఆగష్టు, సెప్టెంబరు మాసములలో ధూళితో గాలిలో మిక్కుటముగా తిరుగుననియు హాన్సెన్ పరిశీలనలు తెలిపినవి. కార్ల్స్‌బెర్గ్‌లో బీరును చల్లార్చు వెడల్పాటి తొట్లు గాలికి తెఱచియుండెడివి. వేసవిలో కాయరాదనిన బవేరియా యుత్తరువునకు ఇదియు నొక సమర్థనము.

యాకబ్‌సెన్ మొదట నమ్మలేదు. పాశ్చరు మాటకు మీఱిన మాట గదా! ఫలితమును చూచిన పిమ్మట నమ్మెను, నమ్మినపిదప వెనుదీయలేదు. 1883 నవంబరు 12వ తేదీన ఒక్క కణమునుండి పెంచిన ఈస్టును కర్మాగారమున మొదటిసారి వాడిరి. దానికి కార్ల్స్‌బెర్గ్ ఒకటవ నంబరు అని పేరు. చేదు పోయెను. ఆ పిదప యాకబ్‌సెన్ ప్రయోగశాల నిబంధనను తానే పాటించి, ఆ యీస్టును కోరిన యితర బీరు వ్యాపారులకు ఊరక యిచ్చెను. మా పొరుగింటి యమ్మ చెంచాడు తోడు ఇచ్చినట్లే. 1887 లో నాతడు రోమునగరమున చనిపోయెను.

ఇక మా కుఱ్ఱవాని వెన్న సంగతికి వచ్చెదను. ఇంగ్లండులో 1963 నుండియు, అమెరికాలో 1978 లో చేసిన చట్టమువలనను, తమ యింటి వాడుకకు బీరు కాచుకొనుట సులభమైనది. వీరికి శుద్ధమైన ఈస్టు పొట్లములలో దొరకును. అయినను రుచి చెడుచునేయున్నది. ఏలన దోషములు పలువిధములు, ఒక్కొక్కదానికి జన్మస్థానమొక్కటి. తడిసిన అట్టముక్క రుచి వచ్చినచో గాలి తగిలి ముదిరినదని యర్థము. పచ్చి ఆపిలుపండు వాసన పాకము పూర్తికాని లేతబీరునకు గుఱుతు. ఉడికిన మొక్కజొన్న వాసన మొలకగింజలనుండి పుట్టునది. మూత తీసి బాగుగా మరిగించిన ఆవిరితో పోవును. ఎండ తగిలినచో హాప్సులోని చేదు విఱిగి గంధకసంబంధమైన దుర్గంధము పుట్టును. అమెరికాలో స్కంకు అను జంతువు శత్రువుపై చిమ్మునట్టి కంపని చెప్పుదురు. గోధుమరంగు సీసాలలో బీరు పోయుట సొగసునకు గాదు, ఇందుకే. పచ్చసీసా అంతగా కాపాడదు.

లవంగము వాసన కథ వేఱు. అడవి యీస్టులు పెక్కింటికి యవలలోని యొక పదార్థమును లవంగపు వాసనగా మార్చు శక్తి కలదు. లాగరులో నది దోషము. బవేరియావారి గోధుమబీరులో నదియే గుణము. అందుకై యట్టి యీస్టునే కోరి వేయుదురు. కావ్యములో పునరుక్తి దోషమనుచునే, భయసంభ్రమములలో గుణమని ఆలంకారికులు చెప్పలేదా?

వెన్న వాసనకు రెండు కారణములున్నవి. ఇచ్చటనే తెలివి కావలెను. మంచి యీస్టు సైతము పనిచేయుచు ఆ వాసనగల పదార్థమునకు మూలమును విడుచును; పని ముగియునపుడు తానే దానిని మరల మ్రింగివేయును. తొందరపడి బీరును ఈస్టునుండి ముందుగా వేఱు చేసినను, మితిమీఱి చల్లబఱచినను, ఆ మ్రింగుట జరుగక వాసన నిలిచిపోవును. కొంచెము వెచ్చన చేసి రెండు మూడు దినములు ఓపికపట్టిన చాలును. రెండవ కారణము పీపాలోనో గొట్టములోనో దాగిన సూక్ష్మజీవి. అప్పుడు వెన్నతో పులుపును వచ్చును, ఒక్కొక్కప్పుడు మా యింటి పెరుగువలె బీరు తీగలు సాగును. ఎన్నిదినములు కాచుకొనినను పోదు. దానికి మా తల్లి మందే మందు. "ఎన్నవనాడు వడగట్టితివి?" అని కుఱ్ఱవాని నడిగితిని. "అయిదవనాడు" అనెను. "పులుపున్నదా?" అంటిని. "లేదు, తాతగారూ" అనెను. అనవసరముగా పాఱబోసినాడు పాపము.

మొన్న నుత్తరము వచ్చినది. ఈ మాఱు పదునాలుగు దినములు ఓపికపట్టినాడట. వెన్న వాసన లేదట. కాని లవంగము వాసన వచ్చుచున్నదని వ్రాసినాడు. ఈస్టు పొట్లముపైని చీటిలో నేమున్నదో చూచి, దొడ్డిలో పండ్లచెట్లేవైన నున్నవేమో కూడ తెలుపుమని బదులు వ్రాసితిని.